సారీ జాతకం

మాటల పుట్టుపూర్వోత్తరాలన్నీ తెలిసిన మనిషికి, అవసరమైన ఒక్క మాట సమయానికి ఎందుకు అందదు? ఇప్పటికీ అంతుపట్టదు. అచ్చాఫీసులో ముప్పై ఏళ్లు ప్రూఫులు దిద్దిన ఆ పెద్దమనిషిని అందరూ నిఘంటువుగారు అనేవారు. ఎవరైనా పొరపాటున కాలు తొక్కి సారీ అంటే చాలు, కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, తొక్కినవాడి చెయ్యి పట్టుకుని మరీ ఆ మాట జాతకం విప్పేవాడు. చివరికి తొక్కినవాడే నిలబడి నిలబడి కాళ్లు పీకి, కుంటుకుంటూ పోయేవాడు.

అలాంటివాడు అక్కగారి కంటి ఆపరేషన్‌కు తోడు వస్తానని చెప్పి, పుస్తకంలో పడి మరిచిపోయాడు. ఆవిడ ఒక్కతే వెళ్లి వచ్చింది. నాలుగో రోజున గుమ్మంలో నిలబడి "సారీ అక్కా" అన్నాడు. అంతటితో ఆగితే ఆయనెందుకవుతాడు? "అసలీ మాట ఇంగ్లీషులో సోర్, అంటే పుండు, అనే మాటలోంచి పుట్టిందక్కా. మొదట్లో దీనికి క్షమించమని కాదు, నొప్పితో ఉన్నానని అర్థం."

"ఆపరేషన్ నాకైతే, నొప్పి నీకట్రా?" అంది అక్క.

ఆయన చేతులు కడుక్కొచ్చి ఆవిడ కంట్లో చుక్కల మందు వేశాడు. రెండు చుక్కలు గురి తప్పి చెంప మీద పడ్డాయి. కళ్లు మూసుకునే అక్క నవ్వింది. "సరేలే, ఆ పుండు కథేదో ఇప్పుడు చెప్పు, వింటాను."

వెళ్లొస్తానని కూడా అనకుండా, చొక్కా చేతితో కళ్లు తుడుచుకుంటూ తమ్ముడు అప్పటికే మెట్లు దిగుతున్నాడు.