ఎనిమిదింబావు తులాల మౌసు

కామారెడ్డి స్టేషన్ రోడ్డులో నాకొక డీటీపీ దుకాణం ఉండేది. ఇద్దరు కూర్చుంటే నిండిపోయేది. మూడో మనిషి వస్తే, ఒకరు ఊపిరి వదిలేదాకా ఇంకొకరు పీల్చకుండా ఆగాల్సి వచ్చేది. అయినా తాడ్వాయి నుంచి మాచారెడ్డి దాకా జరిగే పెళ్ళిళ్ళన్నింటికీ పురోహితుడి కన్నా ముందు ముహూర్తం చదివేది నేనేనని ఊరంతా చెప్పుకుని తిరిగేవాణ్ణి.

నిజానికి ఆ గొప్పలో నా వాటా చాలా తక్కువ. మా పెళ్ళి కార్డుల పేరంతా పైనుండే ఒక్క వరుసది. శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు. ఆ వరుసను మేము ఫాంటుతో కొట్టేవాళ్ళం కాదు. ఎల్లారెడ్డి నుంచి బస్సులో వచ్చే ఒక పెద్దమనిషి కంప్యూటరు మీద అక్షరం అక్షరం గీసేవాడు. ఇరవై ఏళ్ళపాటు తెలుగులోనూ ఉర్దూలోనూ దుకాణాల బోర్డులు రాసిన చెయ్యి ఆయనది. ఫ్లెక్సులు వచ్చి కుంచెకు పని లేకుండా పోయాక, రెండు వేల తొమ్మిదిలో, ఒకరోజు నా గడపలో నిలబడి, "తమ్మీ, గా మిషిని మీద రాసుడు నాక్కూడ నేర్పియ్యి" అన్నాడు. వారం తిరక్కముందే నాకే నేర్పడం మొదలుపెట్టాడు. నేను ఆయన్ని అన్నా అనేవాణ్ణి.

అన్న నమాజు తప్పేవాడు కాదు. శ్రీరస్తు గీసే ముందు కూడా బయట కుండలోని నీళ్ళతో చేతులు కడుక్కుని, తుడుచుకుని, అప్పుడు మౌసు ముట్టేవాడు. "మీ దేవుని మాట గాని, మా దేవుని మాట గాని, ఉత్త చేతులతోని రాయొద్దు తమ్మీ" అనేవాడు. ఆ చేతులు కడిగిన నీళ్ళు పడే చోట ఒక మల్లె తీగ మొలిచి దుకాణం పైకప్పు దాకా పాకిందని నేను చెబితే నమ్మినవాళ్ళున్నారు. మొలిచింది గడ్డే. కానీ పచ్చగా ఉండేది.

రెండు వేల పన్నెండులో ఆయనకు పక్షవాతం వచ్చింది. మనిషి దక్కాడు, మాట దక్కింది, కాలు చాలావరకు దక్కింది. కుడిచెయ్యి మాత్రం సగమే తిరిగొచ్చింది. కుంచె పట్టుకోవాలంటే వేళ్ళు ముడవాలి, అవి ముడవవు. మౌసు మీద అరచెయ్యి ఆనిస్తే చాలు కాబట్టి అదొక్కటే మిగిలింది. కానీ మా దుకాణంలోని పాత మౌసు ఇటుకకు తమ్ముడు. దాని తీగ బల్ల అంచుకు తట్టుకుని, కట్టుకొయ్య దగ్గర మొండికేసిన దూడలా వెనక్కి లాగేది. అన్న దాన్ని రెండు జానల దూరం నెట్టేసరికి నుదుటి మీద చెమట పట్టేది. ఒక ఏడాది ఆయన రాలేదు. నేను పై వరుసను ఫాంటుతో కొట్టాను. ఎవరూ ఏమీ అనలేదు. అదే నాకు ఎక్కువ బాధనిపించింది.

ఆ మరుసటి ఏడాది తాడ్వాయి నుంచి ఒక రైతు వచ్చాడు. జేబులోంచి పాత కార్డొకటి తీసి బల్ల మీద పెట్టాడు. నాలుగేళ్ళ కింద వాళ్ళన్న పెళ్ళికి మేము చేసిందే.

"నా పెండ్లికి గూడ గిదే రాత కావాలె. గా రాసే అన్ననే రాయాలె."

"ఆయన చెయ్యి బాగ లేదు. ఫాంటు పెడత. అచ్చం గట్లనే ఉంటది."

"ఫాంటయితే నిజామాబాద్‌ల లేదా? మా అన్నది, నాది ఒక్క చేతి రాతుండాలె. ఆయన్ని అడుగు. కాదంటె అప్పుడు చూద్దాం."

ఎల్లారెడ్డికి ఫోను చేశాను. అన్న అన్నాడు: "వస్త. కని తమ్మీ, ఇది రాయరాకుంటె మల్ల నీ దుకాణం గడప తొక్క. నన్ను పిలవొద్దు."

నాకు ఆ పెళ్ళి మీద కన్నా ఆ మాట మీద దిగులు పట్టుకుంది.

అదే వారం మా అక్క కొడుకు దుబాయి నుంచి సెలవు మీద వచ్చాడు. అక్కడ కంప్యూటరు సామాన్ల గోదాములో పని వాడిది. నా బాధ విని పెట్టెలోంచి ఒక మౌసు తీశాడు. తీగ లేదు. ఒంపులు తిరిగి, నల్లగా, పరుగెత్తబోయి ఆగినట్టుంది. కుడిచేతి వాళ్ళ కోసమే మలిచిన ఆకారం. బొటనవేలి పక్కన ఎన్ని మీటలున్నాయంటే వాటితో రైలింజను నడపొచ్చు.

"ఇది ఆటలాడేటోళ్ళది మామా. తుపాకులు కాల్చే ఆట. మస్తు అల్కగ ఉంటది."

"మా అన్న అవిఘ్నమస్తు రాసుకోవాలెరా."

"కాల్చేటోనికి పనికొస్తె రాసేటోనికి రాదా?"

తేలికగా ఉంటుందని వాడన్నంత మాత్రాన నమ్మే మనిషిని కాను. ఆ చేతికి ఎంత బరువు పెడుతున్నానో నాకు తెలియాలి. కూరగాయల తరాజు మీద ఇంత చిన్న వస్తువు నిలవదు. అందుకే పక్క సందులో బంగారప్పని చేసే అవుసలాయన దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన తరాజు ముందు కామారెడ్డిలో సగం పుస్తెలు నిజం ఒప్పుకున్నవే. మౌసును మఖమల్ గుడ్డ మీద పెట్టుకుని, కంటికి అద్దం తగిలించుకుని, తిప్పి తిప్పి చూశాడు. అడుగు మూత తీశాడు. లోపలున్న రెండు బ్యాటరీలను వేళ్ళతో పైకి తీసి పక్కన పెట్టాడు. తర్వాత తూచాడు.

"ఎనిమిదింబావు తులాలు."

పాత మౌసును తీగతో సహా తూచాడు. పన్నెండు తులాలు. దాదాపు నాలుగు తులాల తేడా! నాలుగు తులాల బంగారం దొరికినా అంత సంబరపడేవాణ్ణి కాదు. చీటీ మీద రాయించుకుని మడిచి జేబులో పెట్టుకున్నాను.

మంగళవారం పొద్దున అన్న వచ్చాడు. బస్టాండు నుంచి నడిచే వచ్చాడు, కాలు కొంచెం ఈడుస్తూ. ఎడమచేత్తో నీళ్ళు పోసుకుని కుడిచెయ్యి కడుక్కున్నాడు. కుర్చీలో కూర్చుని, కుడిచేతిని ఎడమచేత్తో ఎత్తి మౌసు మీద పెట్టాడు. నేను చీటీ విప్పి తీర్పు చదివినట్టు చదివాను. ఆయన మౌసును ఇటు జరిపాడు, అటు జరిపాడు.

"ఎవలు తూచిన్రు?"

"అవుసలాయన."

"ఆయన తూకంల ఎనిమిదింబావు గావొచ్చు. నా చేతికి మాత్రం పన్నెండు దాటుతది."

నాకు కోపం వచ్చింది. కామారెడ్డి తరాజును కాదనడమే! మౌసు పట్టుకుని మళ్ళీ సందులోకి వెళ్ళాను. అవుసలాయన ఏమాత్రం తడబడలేదు.

"నగ తూచేటప్పుడు రాళ్ళు, లక్క తీసేసి తూస్తం గద. గట్లనే తూచిన. బ్యాటరీలతోని తూస్తె నిన్ను మోసం జేసినట్టయితది."

బ్యాటరీలతో కలిపి తూస్తే పన్నెండుముప్పావు. ఆ మనిషి నలభై ఏళ్ళ నిజాయితీ నా కొత్త మౌసును పాతదాని కన్నా బరువు చేసింది. ఆయన మీద కోప్పడడానికి ఎక్కడా సందు దొరకలేదు. దుకాణం దాకా తలవంచుకుని నడిచాను. చెయ్యి సగమే పనిచేస్తున్నా, తరాజు కన్నా సరిగ్గా తూచింది మా అన్న చెయ్యే.

మేనల్లుడికి ఫోను చేస్తే నవ్వాడు. "ఒక్క బ్యాటరీ తీసెయ్ మామా. ఒక్కదానితోని గూడ నడుస్తది. జల్ది అయిపోతది, అంతే." ఒకటి తీశాం. అన్న మళ్ళీ జరిపి చూసి, "ఆఁ, ఇప్పుడు నడుస్తది" అన్నాడు.

నడవడం కాదు, ఉరికింది. వేలెడు జరిపితే బాణం గుర్తు తెర దాటి నిజామాబాద్ వెళ్ళిపోయేది. ఆటగాళ్ళకు ఆ వేగం కావాలి కాబోలు. అడుగున ఒక మీట నొక్కితే మెత్తబడుతుందని కనుక్కోవడానికి మధ్యాహ్నం దాకా పట్టింది. మెత్తబడ్డాక అన్న 'శ్రీ' గీశాడు.

ఇద్దరం తెర దగ్గరికి వంగి చూశాం. పాత మౌసు బరువుకి చెయ్యి కదిలేదే కాదు కాబట్టి వణుకు కనబడేది కాదు. ఇది తేలిక. చెయ్యి ఎన్నిసార్లు వణికిందో అన్నిసార్లూ గీతలో చూపించింది. గుడిదీర్ఘం చుట్టూ చిన్న చిన్న పళ్ళు మొలిచినట్టుంది.

"అన్నా, ఎడమచేత్తోని చూడరాదు? పాత మౌసు పెడత. నెల రోజులల్ల అలవాటయితది."

ఆయన నా వైపు తిరిగాడు. కోపంగా కాదు.

"ఎడమచేత్తోని దేవుని మాట రాస్తరా తమ్మీ? నా ఇంట్లె గోడకు సున్నమెయ్యమను, ఎడమచేత్తోని ఏస్త. గిది మాత్రం కాదు."

నాకు తెలిసిన పూజారులు కూడా ఆ వరుసను అంత పట్టించుకోలేదు.

మరో రెండు మంగళవారాలు వచ్చాడు. రెండోసారి ఎడమచేత్తో కుడి మణికట్టును కింద నుంచి పట్టుకుని గీశాడు. పళ్ళు తగ్గాయి, పోలేదు. సాయంత్రం ఆయన నమాజుకు వెళ్ళినప్పుడు నేనొక పాడుపని చేశాను. గీతల్ని నునుపు చేసే ఆజ్ఞ ఒకటుంది. ఒక్క నొక్కుకి వణుకంతా మాయమైంది. అక్షరాలు పెళ్ళికొడుకుల్లా నిగనిగలాడాయి. కనిపెట్టలేడులే అనుకున్నాను. ఇరవై ఏళ్ళు కుంచె పట్టిన మనిషి గురించి అలా అనుకున్నాను నేను.

ఆయన వచ్చి, కూర్చోకుండానే తెర చూశాడు.

"గిది ఎవలు రాసిన్రు?"

నేను కీబోర్డు మీద దుమ్ము తుడవడం మొదలుపెట్టాను.

"నాది నాకియ్యి తమ్మీ."

ఆయన అరిచి ఉంటే బాగుండేది. వెనక్కి తిప్పే మీట నొక్కాను. వణుకు మళ్ళీ వచ్చింది. ఆయన కుర్చీ లాక్కుని, దాన్నంతా చెరిపేసి, మొదటి నుంచి మొదలుపెట్టాడు. ఆ రోజూ, ఆ తర్వాతి మంగళవారమూ గీశాడు. నేను పక్కన పీట మీద కూర్చుని, ముప్పై మూడు వ్యాఖ్యలు తోచినా ఒక్కటీ చెప్పలేదు. నా జీవితంలో అంతసేపు నోరు మూసుకుని కూర్చున్నది అదొక్కసారే.

శ్రీరస్తు బాగా కుదిరింది. శుభమస్తు ఇంకా బాగా కుదిరింది. అవిఘ్నమస్తు దగ్గరకు వచ్చేసరికి చెయ్యి అలసిపోయింది. చివరి 'స్తు' కొమ్ము వణికింది. మళ్ళీ గీస్తావా అని అడగలేదు. ఆయన గీయలేదు.

రైతు వచ్చేసరికి అన్న ఇంకా కుర్చీలోనే ఉన్నాడు. ప్రూఫు చేతిలో పెట్టాను. అతను పాత కార్డు తీసి, రెండూ పక్కపక్కన పెట్టి, వేలితో అక్షరం అక్షరం పోల్చాడు. చివరి కొమ్ము దగ్గర వేలు ఆగింది.

"గిక్కడ గట్ల లేకుండె."

"లేకుండె" అన్నాడు అన్న. "చెయ్యి వణికింది. నునుపు జెయ్యాల్నంటె తమ్ముడు జేస్తడు. గని గప్పుడది నా రాత కాదు."

రైతు అన్న చేతి వైపు చూశాడు. తర్వాత కార్డు వైపు చూశాడు.

"మా అన్న పెండ్లప్పుడు నీ చెయ్యి మంచిగుండె. నా పెండ్లప్పుడు గిట్లుంది. ఒక్క చెయ్యే గద. ఏం ముట్టుకోవద్దు, అచ్చు ఎయ్యి."

అతను వెళ్ళాక అన్న మౌసును తిరగేసి, ఎడమచేతి గోటితో మూత తీసి, లోపలున్న ఒక్క బ్యాటరీని తీశాడు. చొక్కా జేబులో వేసుకున్నాడు.

"అదెందుకన్నా?"

"మంగళవారం వచ్చేటప్పుడు తెస్త. గీ కుర్చీల వేరేటోన్ని కూసోబెట్టవు గద."

పక్క కిరాణాలో అలాంటి బ్యాటరీలు డబ్బాల కొద్దీ దొరుకుతాయి. ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

"నువ్వు తెచ్చేదాక మౌసు నడువది అన్నా" అన్నాను. ఆయన తల ఊపి, ఎల్లారెడ్డి బస్సుకు టైమైందని లేచాడు.