కూర్చోబెట్టే పోచయ్య

మా మేనమామ పోచయ్య చచ్చినవాళ్లను కూర్చోబెట్టేవాడు. నవ్వకండి. గోపన్‌పల్లిలో ఎల్లదాసు భజనవాళ్లకు అదొక పని.

ఎల్లదాసు మా ముత్తాతల కాలపు మనిషి. మగ్గం వదిలి తంబూర పట్టాడు. నీది ఏ కులమని అడగకుండా అందర్నీ ఒకే చాప మీద కూర్చోబెట్టి పాడించాడు. పాడుతూ పాడుతూ కూర్చున్నచోటే ప్రాణం విడిచాడట. ఎంత చక్కని చావు! శిష్యులు అక్కడితో ఊరుకున్నారా? ఆయన దారిలో నడిచేవాడెవడూ పడుకుని మట్టిలోకి పోకూడదని కట్టడి పెట్టారు. ఆ మహానుభావుడు అన్న మాట కాదది.

మరి శవం బిగుసుకుపోతే? అందుకే పోచయ్య. గుంత చుట్టూ దుప్పట్లు అడ్డం పట్టేవారు. లోపల ఆయన గడ్డపారతో మోకాళ్లు విరగ్గొట్టి మడిచేవాడు. చప్పుడు వినబడకుండా బయట భజన గట్టిగా ఎత్తుకునేవారు. ఆడవాళ్లను ఆ దరిదాపులకు రానిచ్చేవారు కాదు.

రజాకార్ల కాలం వచ్చింది. నార్సింగి దారిలో వాళ్లు మా ఎడ్లను తోలుకుపోతుంటే, పోచయ్య ఒక్కగానొక్క కొడుకు ఎల్లేశం అడ్డం నిలబడ్డాడు. బరిసెతో కడుపులో పొడిచి, బండరాయితో ముఖం చితక్కొట్టి పోయారు. వాళ్ల చేతులు పడిపోను! పొద్దున చంపితే, మేం పోయి తెచ్చుకునేసరికి సాయంత్రమైంది. పిల్లాడు కట్టెలా బిగుసుకుపోయాడు.

భజన పెద్ద రాజయ్య తొందరపెట్టాడు. "పోచయ్యా, వాళ్లు మళ్ల రాకముందే కానియ్యి. గురువు తానకు పోయేటోడు కూసునే పోవాలె."

గుంత దగ్గర దుప్పట్ల చాటున పోచయ్య గడ్డపార ఎత్తాడు. కుడి మోకాలు ఒక్క దెబ్బకే విరిగింది. ఆ రోజు భజన ఎవరూ ఎత్తుకోలేదు. ఆ చప్పుడు అందరం విన్నాం.

పోచయ్య భార్య రుక్కత్త దుప్పటి లాగిపారేసి లోపలికి ఉరికింది. కొడుకు కాలు ఒళ్లోకి తీసుకుంది.

"అందరియి గిట్లనే ఇరగ్గొట్టినవా? మా అమ్మ మోకాళ్లు గూడ?"

"ఇరగ్గొట్టిన," అన్నాడు పోచయ్య.

లేచి ఆయన ముఖం మీద పిడికిళ్లతో గుద్దింది. ముక్కు పగిలి నెత్తురు కారుతున్నా ఆయన చెయ్యి అడ్డం పెట్టలేదు.

"ఇంకో కాలున్నది," అన్నాడు రాజయ్య. "గురువు ఒప్పుకోడు."

"ఒప్పుకోకుంటే గురువునే లేచి రమ్మను! గీ గడ్డపార ఆయన చేతికే ఇస్త, ఆయన్నే కొట్టమను! నువ్వు జరుగు. లేకుంటె నీ మోకాలు పలగ్గొడ్త!" అని అరిచాడు పోచయ్య.

రాజయ్య వెనక్కి జరిగాడు. పోచయ్య ఏడుస్తూ, తిడుతూ ఆ గుంతను మనిషి పొడవుకు తవ్వాడు. కొడుకును అందులో వెల్లకిలా పడుకోబెట్టాడు. రుక్కత్త మన్ను తీసుకోబోతే ఆగమన్నాడు.

తన తలపాగా విప్పి, నిలువునా చించాడు. విరిగిన మోకాలిని రెండు చేతులతో సరిచేసి, బతికున్నవాడికి కట్టినట్టే మెల్లగా కట్టు కట్టాడు. అప్పుడు మన్ను వెయ్యనిచ్చాడు.