నలభై ఒకటో ఇంటి బకెట్టు

తొమ్మిదేళ్ళుగా ఆ వీధి చెత్తంతా ఈలమ్మ చేతుల మీదుగానే పోతోంది. బండి తోసుకుంటూ ఈల ఊదితే నలభై ఇళ్ళ బకెట్లు గుమ్మాల్లోకి వస్తాయి. తడి చెత్త ఒక డ్రమ్ములోకి, పొడి చెత్త ఇంకో డ్రమ్ములోకి. తడిది వీధి చివరి గుంతలో ఎరువు అవుతుంది. ఆ గుంత ఉన్నన్నాళ్ళే ఆమెకు పని.

పోయిన నెల ఎరువు జల్లిస్తూ తోటమాలి చెయ్యి కోసుకున్నాడు. అందులో బ్లేడు ఉంది. ఇంకోసారి కనబడితే గుంత పూడ్చేసి, చెత్తంతా లారీకి ఎత్తించేస్తామని వీధి సంఘం ప్రెసిడెంటు తేల్చి చెప్పారు. అప్పటినుంచి ఆమె నడుం విరుగుతున్నా ప్రతి బకెట్టూ కెలికి చూస్తోంది. చెప్పీ చెప్పీ నోరు పడిపోయింది. తమ చెత్త తాము చూసుకోవడానికి మనుషులకు అంత బద్ధకం ఎందుకో!

చివరికి అనుమానం ఆ వీధిలోనే ఉండే దర్జీ మీదికి పోయింది. దారాలు తెంపడానికి ఆయన బ్లేడే వాడతాడు మరి. నలుగురిలో నిలదీసింది. ఆయన కాదన్నా ఎవరూ నమ్మలేదు. సంఘం బోర్డు మీద, బ్లేడు వేసిన ఇల్లు ఇదేనంటూ ఆయన ఇంటి నంబరు ఎక్కింది. ఇప్పుడాయన బకెట్టు బయట పెట్టి తలుపు వేసుకుంటున్నాడు.

ఈ రోజు డ్రమ్ము గుంతలో దిమ్మరించి కలియబెడుతుంటే చిన్న కాగితం పొట్లం దొరికింది. లోపల వాడేసిన బ్లేడు. ఆ మడతను ఆమె ఇట్టే గుర్తుపట్టింది. క్యాలెండరు కాగితంలో బ్లేడు పెట్టి నాలుగు మడతలు వేయడం ఆమె మొగుడి అలవాటు. చెత్త తీసేవాళ్ళ చెయ్యి తెగకూడదట, మహానుభావుడికి! తన ఇంటి బకెట్టు రోజూ అందరికన్నా ముందు డ్రమ్ములో ఒంపేది. అందరివీ వెతికింది గానీ దాన్ని ఒక్కనాడూ చూడలేదు.

పొడి డ్రమ్ములో పడేస్తే ఎవరికీ తెలియదు. అక్కడే కూలబడి చాలాసేపు ఆలోచించింది. కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేదు. లేచి దర్జీ తలుపు తట్టింది.

"బ్లేడు మా ఇంటిదే అన్నా. అనవసరంగా మీ మీద నోరు పారేసుకున్నాను."

ఆయన పొట్లం వైపు చూశాడు. "సరేలేమ్మా. ప్రెసిడెంటుగారికి చెప్పకు. నీ పని పోతుంది."

"మరి బోర్డు మీద మీ నంబరో?"

ఆయన కుట్టుమిషను వైపు తిరిగాడు.

"మీ సుద్దముక్క ఒకటి ఇవ్వండన్నా."

బోర్డు దగ్గరికి నడిచింది. ఆయన నంబరు అరచేత్తో తుడిచి, అక్కడ నలభై ఒకటి అని తన ఇంటి నంబరు రాసింది.