దవాఖానకు తోడు

నా చిన్నప్పుడు మా వీధిలో నా కుడికాలికి ఉన్నంత గౌరవం నాకు ఉండేది కాదు. నేను ఎదురుకాళ్ళతో, అంటే తల కంటే ముందు కాళ్ళు బయటికి వచ్చి పుట్టాను. అలా పుట్టినవాళ్ళు కాలితో తొక్కితే పట్టేసిన నడుము వదులుతుందని తాండూరులో గట్టి నమ్మకం. పెద్ద పెద్దవాళ్ళు వచ్చి మా అరుగు మీద బోర్లా పడుకునేవాళ్ళు. నేను రాణిలా కాలు ఆనించేదాన్ని. పోతూ పోతూ చేతిలో బెల్లం ముక్క పెట్టేవాళ్ళు. మూడో తరగతి పిల్లకు అంతకంటే పెద్ద ఉద్యోగం ఏముంటుంది?

అది డెబ్బైల నాటి మాట. కందుల కల్లం నడుస్తోంది. కూలీల కోసం జొన్నరొట్టెలు చేస్తున్న మా నాయనమ్మ మధ్యలోనే లేచి గోడకు ఆనుకుంది. భుజాల నడుమ వీపు గుంజుతోందంది. దవడ లాగుతోందంది. కడుపులో తిప్పుతోందంది. చలికాలం పొద్దున ఆమె జాకెట్ చెమటకు తడిసిపోయింది. అంతకు ముందు కొన్నాళ్ళుగా బిందె ఎత్తితే చాలు, ఆయాసపడుతోంది కూడా.

మా ఇంట్లో ఒక్కో బాధకు ఒక్కో కారణం దొరికింది. వీపు నొప్పి బస్తా జరిపినందుకు, దవడ నొప్పి వక్క నమిలినందుకు, కడుపులో తిప్పడం పైత్యానికి, చెమట పొయ్యి సెగకు. అన్నీ కలిపి చూసినవాళ్ళు లేరు. ఆమెకు షుగర్ ఉందని, మాత్రలు పండక్కో పబ్బానికో వేసుకుంటుందని ఎవరికీ గుర్తే రాలేదు. గుండెపోటంటే మగవాళ్ళ జబ్బని మా అందరి లెక్క. నాయనమ్మను చాప మీద బోర్లా పడుకోబెట్టి, అమ్మ నన్ను కేకేసింది.

నేను కాలు ఎత్తానో లేదో, చల్ల కోసం గిన్నె పట్టుకుని వచ్చిన పక్కింటి ఖాలా నా రెక్క పట్టి వెనక్కి లాగింది. ఖాలా అంటే చిన్నమ్మ. ముస్లింల ఇంటి ఆమె అయినా మాకు వరస అదే. నాయనమ్మ ముఖం చూడగానే ఆమె ముఖం పాలిపోయింది. మా అమ్మను పక్కకు పిలిచి గొంతు తగ్గించి చెప్పింది.

"యాలాల్ ఊర్ల మా అమ్మీకి గూడ గిట్లనే అయింది. గ్యాస్ అనుకొని సోడా తాపినం. పొద్దుగూకకముందే పాయె. గుండె అని తర్వాత డాక్టర్ చెప్పిండు. జల్ది దవాఖానకు తీస్కపోవాలె."

దవాఖానకు పోదామని అమ్మ అంటే నాయనమ్మ వింటేనా! ఆమె పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. "కల్లం కాడ కూలోళ్ళు ఆకలితోని ఉన్నరు. జర ఒరిగితే అదే తగ్గుతది" అని మళ్ళీ పొయ్యి వైపు చూసింది.

అప్పుడు ఖాలా చేసిన పని నేను ఇప్పటికీ కళ్ళారా చూస్తున్నట్టే ఉంటుంది. గిన్నె కింద పడేసి, రెండు చేతులతో ఛాతీ పట్టుకుని కూలబడింది. "పెద్దమ్మా, నా పానం పోతున్నది! ఇంట్ల ఎవ్వరు లేరు. నువ్వు తోడు రాకుంటే నేనెట్ల పోత?"

"అయ్యో పిల్లా, ముందుగాల చెప్పద్దా!" తన కోసం కదలని మనిషి ఖాలా కోసం లేచి కూర్చుంది. అడుగు వేయలేనని ఖాలా మొత్తుకునేసరికి రిక్షా వాకిట్లోకే వచ్చింది. అలా నాయనమ్మ కూడా నడవాల్సిన పని లేకపోయింది. దారి పొడుగునా చెమటలు కక్కుతూనే ఆమె ఖాలా వీపు నిమిరిందట.

డాక్టర్ ముందుకు వెళ్ళగానే ఖాలా చటుక్కున లేచి నిలబడింది. "బీమార్ నాకు గాదు సాబ్, ఈమెకు. ముందుగాల గుండె చూడుండ్రి" అంది. డాక్టర్ చూసి, సూది వేసి, వెంటనే తన జీపులో వికారాబాద్ పెద్దాసుపత్రికి పంపించాడు. గుండెపోటే. ఆడవాళ్ళకూ ఛాతీనొప్పి వస్తుందని, కానీ ఒక్కోసారి అది లేకుండానే దవడ, వీపు, ఆయాసం, వాంతి, చెమట రూపంలో కూడా గుండెపోటు రావచ్చని, షుగర్ ఉంటే మరీ జాగ్రత్తగా ఉండాలని ఆయన కల్లం నుంచి పరుగెత్తుకొచ్చిన మా నాన్నకు విడమరిచి చెప్పాడు. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదన్నాడు.

దక్కింది! నాయనమ్మ వికారాబాద్ నుంచి తిరిగొచ్చి జీపు దిగిన రోజు వీధంతా మా వాకిట్లోనే ఉంది. ఆమె దిగుతూనే ఖాలాను పట్టుకుని "గింత అబద్ధం ఆడుతవా, దొంగదానా!" అని తిట్టి, ఆ వెంటనే వాటేసుకుని ఏడ్చింది. ఖాలా నవ్వుతూ ఏడ్చింది. మా నాన్న ఏడవగా చూడటం నాకు అదే మొదలు. ఆ తర్వాత నా కాలి కోసం ఏ ఆడమనిషి వచ్చినా నాయనమ్మ ముందు దవడ గురించి, చెమట గురించి, ఆయాసం గురించి గుచ్చి గుచ్చి అడిగి గాని పడుకోనిచ్చేది కాదు. ఆమె నా పెళ్ళి చూసింది, నా బిడ్డకు నీళ్ళు పోసింది.

ఇప్పుడు నాకూ ఆమె వయసు వచ్చింది. మన ఆడవాళ్ళు తమ నొప్పికి గడప దాటరు, పక్కవాళ్ళ నొప్పికి పరుగెత్తుతారు. ఆ రోజు నుంచి నాకు ఇది బాగా తెలుసు. అందుకే ఎవరైనా వీపు పట్టుకుని, చెమటలు తుడుచుకుంటూ "ఏం లేదు, అలసట" అంటే నేను వాదించను. నాకే ఒంట్లో బాగా లేదు, దవాఖాన దాకా తోడు రమ్మంటాను. ఇన్నేళ్ళలో రానన్న ఆడది ఒక్కతీ లేదు.