మూడో మూల

“మూడోది ఎంతొచ్చిందంట?” అన్నాడు మీ మావ.

“నాకేటి తెలుసు? ముందు గంజి తాగు” అన్నాను.

మేమిద్దరం ఆకర్న మాటాడుకున్నది ఇదే. ముందిది రాయి కోడలా.

మీ అక్కుపల్లి నుంచి బడికి బస్సు నేదని నువ్వు మా ఇంటికాడ ఉండేదానివి. అప్పుడు టెన్తు. మావ వడ్రంగి, ఇళ్లకి పైకప్పు కట్టేవాడు. కిడ్నీలు పాడైపోయి మంచం పట్టాడు. ఆ పొద్దున్న నువ్వు మంచం పక్కన పుస్తకం పట్టుకుని ఏడుపుమొకం ఎట్టావు.

“రెండు త్రిభుజాలూ ఒకే పోలికని రుజువు సెయ్యాలంట మావా. ఒకదానికి రెండు మూలలు యాభై, అరవై ఇచ్చాడు. రెండోదానికి అరవై, డెబ్బై. ఇందులో యాభై ఏదీ?”

“మీ అత్తకీ నాకూ ఏ పోలికుందని ఇన్నేళ్లు కాపరం సేసాం? ఆ గూట్లో సెక్క తే గుంటా.”

అరిచెయ్యంత మూడు మూలల సెక్క. ఏ ఇంటికైనా ముందు అలాటిది కోసి, ఇంటాయనకి సూపించి, ఒప్పుకున్నాకే దూలాలు కోసేవాడు. దాన్ని కంటి ఎదర ఎట్టి మా కప్పుకేసి సూసాడు.

“రెండు మూలలు కలిసాయా, మూడోది దానంతటదే వస్తాది. నేనెప్పుడూ మూడోది కొలవనేదు.”

“అవును మావా! మూడూ కలిపితే నూట ఎనభై అన్నారు మాస్టారు!” అని లేచావు. ఈలోగా బస్సు హారన్ కొట్టింది. “సాయంత్రం సెప్తాను” అని పరిగెత్తావు.

ఆయన సాయంత్రం దాకా ఆగనేదు. మజ్జాన్నం నన్నడిగాడు. నేను కసిరి, బోరింగుకాడికి నీళ్లకెళ్లాను. వచ్చేసరికి గంజి మీద మీగడ కట్టేసింది. సెక్క గుండెల మీదుంది. ఊపిరి నేదు.

నువ్వు వీధి మొగలోంచే “డెబ్బై మావా, డెబ్బై!” అని అరుసుకుంటా వచ్చావు. గుమ్మంలో జనాన్ని సూసి ఆగిపోయావు.

నాకు అక్షరాలు రావు గాని లెక్క వచ్చు. కొబ్బరికాయలు పోగులెట్టి లెక్కెట్టిన సెయ్యి ఇది. యాభై, అరవై నూట పది. నూట ఎనభైకి ఇంకో డెబ్బై. నువ్వు నా ఎదరే సెప్పావు అంకెలన్నీ. సేతేళ్లు ముడిస్తే వచ్చేది. ఆ పూట ఇసుగొచ్చి ముడవనేదు. డెబ్బై అనుంటే ఆయన నవ్వేవాడు.

సెక్కని ఆయనతో పంపనేదు. ఆ గూట్లోనే ఉంది.

రాసావా? మొదట్నుంచి ఓపాలి సదువు. నేను కసిరిన మాట దాటెయ్యకు.