కొత్త తూటా అమ్మని బాబాయ్

ఇది చదువుతున్న మిమ్మల్ని ముందుగా ఒక్కటి అడుగుతాను. పక్కచూపులు చూడకుండా జవాబు చెప్పండి. నిజం చెబితే మీ ఇఖామా, ఈ దేశంలో ఉండనిచ్చే ఆ కాగితం, పోతుందని తెలిసిన రోజున మీరు నిజం చెబుతారా? "చెబుతాను బ్రదర్" అని తొందరపడి చెయ్యి ఎత్తకండి. కువైట్‌లోని మంగఫ్‌లో ప్రతి శుక్రవారం ప్రార్థనలో నా ఎదుట ఎత్తిన చేతులను చూస్తూనే ఉన్నాను. ఎన్నడూ చెయ్యి ఎత్తని మనిషి పక్క గదిలో ఉండేవాడు. చెప్పింది ఆయన ఒక్కడే. మొన్న ఆదివారం పొద్దున ఆయన పోయారు. నిద్రలోనే గుండె ఆగిపోయింది.

మేము ప్రార్థనకు కూడుకునే గదికి ఆనుకునే ఆయన గది. కోనసీమ మనిషి. ఆ ఫ్లాట్‌లో అందరికీ బాబాయ్, నాకూ బాబాయే. గోడ మీద అన్నవరం సత్యదేవుడి పటం, దాని పక్కన వేలాడే ఇస్త్రీ చొక్కా. కువైట్ సిటీలో వేట సామాను అమ్మే దుకాణంలో సేల్స్‌మన్. లైసెన్సు ఉన్నవాళ్ళు రైఫిళ్ళు, తూటాలు, దుర్భిణులు కొనుక్కునే చోటు. పిన్ని సల్వాలో ఒక కువైటీ ఇంట్లో వంటమనిషి. ఒకే దేశంలో ఉన్న భార్యాభర్తలు వారానికి ఒక్క శుక్రవారం పూట కలుసుకునేవారు. పిన్ని వస్తూ వస్తూ చందువా చేప తెచ్చి పులుసు పెట్టేది. నేను ఇవతల నరకాగ్ని గురించి గొంతు చించుకుంటుంటే అవతల పులుసు మరిగేది. నా సంఘమంతా ఎటు తల తిప్పేదో చెప్పక్కర్లేదు.

ప్రసంగం అయ్యాక ఆయన గుమ్మంలోకి వచ్చేవారు.

"బాగా చెప్పారండి పాస్టరు గారూ. మరీ అంత అరుస్తారేంటండీ, ఆయనకేమన్నా చెముడా?"

"నేను పాస్టర్ని కాదు బాబాయ్, డ్రైవర్ని. ఇంజన్ శబ్దంలో మాట్లాడి మాట్లాడి ఇట్లయింది నా గొంతు."

"ఇంజనున్నాక బ్రేకు కూడా ఉండాలి కదండీ మరి! రండి, ఓ ముద్ద తినెళ్ళండి."

నేను సల్వాలో ఒక పెద్దాయన దగ్గర డ్రైవర్ని. ఆయన్ని బాబా అంటాను. బాబాకు వేట పిచ్చి. ఏటా ఆఫ్రికాకు వెళ్ళి దుప్పుల్ని కొట్టి వస్తాడు. ఆయన్ని ఆ దుకాణానికి తీసుకెళ్ళేది నేనే, కాబట్టి బాబాయ్ పని చేసే తీరు నా కళ్ళతో చూశాను. సీజన్ మొదలయ్యే ముందు ఏదో ఒక కొత్త తూటా వస్తుంది. రంగుల డబ్బా, దాని మీద కొమ్ముల జంతువు. ఆ తూటా పట్టాలంటే రైఫిల్ కూడా కొత్తదే కావాలి. ప్రతిసారీ బాబా అడిగేది ఒకటే: "నా పాతదాని కంటే ఇది నిజంగా మేలా?"

బాబాయ్ డబ్బా విప్పేవారు కాదు. కొనేవాణ్ణి దుకాణం బయటికి, ఫుట్‌పాత్ మీదికి తీసుకొచ్చేవారు. వీధి చివర ఫార్మసీ ఆకుపచ్చ బోర్డు చూపించి, "ఎంత దూరం ఉంటుంది సాహెబ్?" అనేవారు. ఎవరొచ్చినా ఆయన పద్ధతి ఇదే. మా బాబా కళ్ళు చికిలించి నాలుగు వందల మీటర్లన్నాడు. బాబాయ్ తల అడ్డంగా ఊపారు. సగం కూడా లేదు.

"నువ్వు దుకాణంవాడివా, నా పెళ్ళానివా?" అని బాబా నవ్వాడు. "ఏది చెప్పినా తప్పే అంటావు."

ఆ శుక్రవారం అన్నం తింటూ నేనే అడిగాను. "ఏమి బాబాయ్, కొత్త తూటాలో మేలనేదే లేదా? అంతా మోసమేనా?"

"మోసం అనకూడదండి. మేలుంది. గాలికి తక్కువ కొట్టుకుపోద్ది. దూరం పోయినా అంతగా కిందకి వాలదు. కొన్నైతే భుజాన్ని కూడా పెద్దగా తన్నవు. కాకపోతే ఆ మేలంతా ఎక్కడో దూరాన ఉందండి, వీళ్ళు కొట్టేదేమో దగ్గర్లో. ఆ దగ్గర్లో దుప్పికి పాతదీ కొత్తదీ తేడా తెలీదండి బాబూ. చోటు చూసి తగిలితే రెండూ ఒకటే. పొట్టలో తగిలితే రెండూ పాపమే."

ఇంకో మాట కూడా అన్నారు. విమానంలో సామాను తప్పిపోతే పాత తూటా అక్కడి ఏ చిన్న ఊళ్ళోనైనా దొరుకుతుందట, కొత్తది దొరకదట. ఏ తూటా మార్చినా ముందు కాగితం మీద కొట్టి, గురి సరిచూసుకుని మరీ వెళ్ళాలట. నిజంగా చాలా దూరం కొట్టేవాడు, రోజూ సాధన చేసేవాడు వస్తే మాత్రం బాబాయ్ కొత్తదే తీసి చేతిలో పెట్టేవారు.

సంచిలో రెండు రకాల తూనికరాళ్ళు ఉంచుకోవద్దని బైబిలు ధర్మశాస్త్రంలో ఉంది. దాని మీద నేనెన్ని గంటలు ప్రసంగించానో నాకే తెలియదు. ఆ సంగతి చెబితే ఆయన చేయి కడుక్కుంటూ, "మా కొట్లో తక్కెడ లేదండి. నాలికతోనే తూచాలి" అన్నారు. అంతే. దాన్ని ప్రసంగం చెయ్యలేదు.

దుకాణం యజమానికి ఈ తూనిక పనికిరాలేదు. పాత రైఫిల్ అరగదు, విరగదు. కొన్నవాడు మళ్ళీ రాడు. అందుకని బాబాయ్‌ని పిలిచి, ఎవడడిగినా పాతది పనికిరాదని చెప్పమన్నాడు. ఇఖామా గడువు దగ్గరికి వస్తోందని కూడా గుర్తుచేశాడు. ఇఖామాకు పూచీ పడే కఫీల్ ఆయనే. ఈ వయసు మనిషికి మరో కఫీల్ దొరకడు. ఇఖామా పోతే బాబాయ్ కోనసీమలో, పిన్ని సల్వాలో. ఆ ఇంటివాళ్ళతో కాంట్రాక్టు తీరేదాకా ఆమెకు కదలడానికి లేదు. ఆ శుక్రవారం పూట కూడా ఉండదు.

"ఒక్క ముక్కే కదండీ, అనేద్దురూ!" అంది పిన్ని నా ముందే. "తుపాకీ ఏమన్నా మనం కాలుస్తామేంటి? ఆళ్ళ సొమ్ము, ఆళ్ళ ఏట."

"అంటాన్లేవే. అంటానన్నాను కదా."

ఆమె నా వైపు తిరిగింది. "మీరన్నా చెప్పండి పాస్టరు గారూ."

"నిజమే చెప్పనీ పిన్నీ. దేవుడు చూసుకుంటాడు" అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. చూసుకున్నాడని ఇవాళ మీ ముందు చెప్పడానికి నాకు నోరు రావడం లేదు.

బాబాయ్ సెలవులో ఉన్న రోజున బాబా దుకాణానికి వెళ్ళాడు. యజమాని స్వయంగా కొత్త రైఫిల్, కొత్త తూటాలు అంటగట్టాడు. దీనికి గురి సరిచూసుకునే పని కూడా లేదని చెప్పి పంపాడు. బాబా ఒక్క కాగితం మీద కొట్టి చూసుకోకుండా ఆఫ్రికాకు విమానం ఎక్కాడు. అక్కడ దుప్పి చాలా దూరంలో ఉందనుకుని కొట్టాడు. అది ఉన్నది దగ్గర. గురి కూడా తప్పి ఉండటంతో దెబ్బ కడుపులో తగిలింది. జంతువు పొదల్లోకి పోయింది, చీకటి పడింది, దొరకలేదు.

తిరిగి వచ్చిన మర్నాడే దుకాణానికి పోనిమ్మన్నాడు. రైఫిల్ పెట్టె మోసుకుంటూ నేను వెనకాలే లోపలికి వెళ్ళాను. "ఈ తూటా చెడ్డది" అని బాబా కౌంటర్ మీద కొట్టాడు. యజమాని కోప్పడలేదు. నవ్వుతూ ఇంకో డబ్బా తీశాడు. ఇది మొన్ననే వచ్చిందట, ఇంకా బరువైన గుండట, సరిగ్గా ఇలాంటి దెబ్బ కోసమే చేశారట. దీనికి ఇంకో రైఫిల్ కావాలట. అప్పుడు బాబాయ్ వైపు చూసి, "చెప్పు" అన్నాడు.

బాబాయ్ గొంతు సవరించుకున్నారు. తనకొచ్చిన అరబీలో, తలొంచుకుని చెప్పారు. "తూటాది తప్పు కాదు బాబా. కాగితం మీద కొట్టకుండా వెళ్ళారు. దూరం ఎక్కువనుకున్నారు. ఇది కొన్నా అదే జరుగుతుంది. మీ పాత రైఫిల్ చాలు. దెబ్బ తిన్న జంతువు పొదల్లో పడి చావడం పాపం."

"ఖలాస్" అన్నాడు యజమాని. ఆ ఒక్క మాటతో ఇఖామా, శుక్రవారాలు, అన్నీ ఖలాస్.

మా బాబా కొత్త డబ్బాను అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత ఆ ఇంకో కొత్త రైఫిల్ కూడా కొన్నాడు. కారు దాకా మోసింది నేనే.

"మంచి మనిషి" అన్నాడు దారిలో. "నిజమే చెప్పాడు."

"మరి ఎందుకు కొన్నారు బాబా?"

"కొత్తది కదా."

బైబిలు వాక్యంలో ఒక వేటగాడున్నాడు. పొలం నుంచి అలసి వచ్చి, ఒక్క పూట కూరకు జ్యేష్ఠత్వం, పెద్దకొడుకు హక్కు, అమ్ముకున్నవాడు. వాణ్ణి నేనెన్నోసార్లు తిట్టాను. ఇప్పుడు తిట్టను. వాడికి కనీసం ఆకలి వేసింది.

బాబాయ్ చాలా చోట్ల అడిగారు. ఫర్వానియా, ఫహాహీల్, ఎక్కడికి వెళ్ళినా ముందు వయసు అడిగారు, తర్వాత టీ ఇచ్చి పంపారు. నా ఎదుట శుక్రవారం చేతులెత్తిన వారిలో తమ కఫీల్‌తో మాట్లాడగలిగినవారున్నారు. మాట్లాడతామన్నారు. ఈలోగా బాబాయ్‌కి ఊరికి టికెట్ తీయడం కూడా అయింది. ఆఖరి శుక్రవారం పిన్ని పులుసు పెట్టింది గానీ ఎవరికీ సహించలేదు.

"ఇవాళ మీరు అరవలేదేంటండీ?" అన్నారు ఆయన.

"గొంతు పెగల్లేదు బాబాయ్."

"అరవాలండి. మీరు అరవకపోతే ఈ పక్కన మాకు తోచదు." కంచం పక్కకు జరిపి, "ఆ దుప్పి దొరికుండాల్సిందండి" అన్నారు. తన ఉద్యోగం గురించి ఒక్క మాట అనలేదు.

ఆదివారం పొద్దున ఆయన లేవలేదు. పిన్నికి కబురు అందేసరికి ఆ ఇంట్లో మధ్యాహ్నం విందు. అతిథులు లేచి వెళ్ళేదాకా మామా, అంటే ఆ ఇంటి యజమానురాలు, ఆమెను వదల్లేదు. శవాగారంలో కాసేపు చూడనిచ్చారు. పెట్టె విమానం ఎక్కి ఊరికి పోయింది. పిన్ని ఇక్కడే ఉండిపోయింది. పాస్‌పోర్టు మామా బీరువాలో ఉంది. "ఈ వారం చుట్టాలున్నారు, తర్వాత చూద్దాం" అంటోందట. ఊళ్ళో పెద్దకర్మ దగ్గరపడుతోంది.

మా బాబాకు ఆ ఇంటివాళ్ళు తెలుసు. సాయంత్రాలు మగవాళ్ళు కూడే ఒకే దివానియాలో కూర్చుంటారు. ఒక్క ఫోన్ చేస్తే చాలు, ఆమెను ఊరికి పంపుతారు. నిన్న అడిగాను. తనకు నిజం చెప్పినందుకు ఉద్యోగం పోయిన మనిషి భార్య అని కూడా చెప్పాను. ఆయన ఆ ఇంకో కొత్త రైఫిల్‌ని సంచీలో సర్దుకుంటున్నాడు. "బుక్రా, ఇన్షా అల్లా" అన్నాడు. రేపట. ఇవాళ పొద్దున ఆయన్ని ఎయిర్‌పోర్టులో దించి వచ్చాను.

వస్తూ ఆ ఇంటి వెనక సందులో కారు ఆపాను. వంటింటి తలుపు తెరిచి ఉంది. లోపల పొయ్యి ముందు పిన్ని నిలబడి ఉంది. ఇంట్లో ఎవరూ చెప్పులు వేసుకోరు. ఆమె బయటికి వెళ్ళే చెప్పులు వేసుకుని, వాటి పట్టీలు బిగించి, అన్నం వారుస్తోంది. "మామా ఎల్లమంటే మల్లీ ఎతుక్కోడం ఎందుకని" అంది.

సల్వాలో పనిచేస్తున్న అక్కలారా, అన్నలారా! ఒక్క మనిషి నిజం చెబితే ఏమవుతుందో చూశాను, నాకు పెద్దగా ఆశ లేదు. అయినా అడుగుతున్నాను. మీ మామాలు, మీ బాబాలు ఆ ఇంటికి తెలిసినవాళ్ళే. శుక్రవారం వచ్చి నా ముందు చేతులెత్తకండి. రేపు అనకండి, ఆ మాట నిన్న నేను విన్నాను. ఆమె ఇప్పుడు చెప్పులతో నిలబడి ఉంది. ఇది పక్కన పెట్టి లేవండి. ఆమెను ఊరికి పంపమని ఆ ఇంటికి ఒక్క మాట చెప్పమని, మీరు పనిచేసే ఇంట్లో వాళ్ళను అడగండి. ఈరోజే. ఈ పూటే.