ఏటిమొగలో ఉల్లంకి పిట్టలు

మొన్న ఆదివారం ఇబ్రహీంపట్నం చెరువుకట్ట మీద నడుస్తుంటే, ఆదిభట్ల ఆఫీసుల్లో పనిచేసే పిల్లలు కొందరు దుర్భిణీలతో నీళ్ళ అంచున తిరిగే పిట్టల్ని చూస్తూ కనిపించారు. ఒకమ్మాయి నన్నూ చూడమని దుర్భిణీ చేతికిచ్చింది గానీ, కాసేపైనా నిలకడగా చూడలేకపోయాను, మనసు ఎప్పటిదో సముద్రపు ఒడ్డుకు పోయింది.

పెళ్ళైన ఏడాదే మా ఆయనకు కోస్తాలో, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర, ఒక ఐసు ఫ్యాక్టరీలో పని దొరికింది. కొత్త పెళ్ళికూతురు మొదటి బతుకమ్మకు పుట్టింటికి పోకుండా ఉంటుందా, మీరే చెప్పండి. ఆయనకు సెలవు దొరకలేదు, అంత దూరం నన్నొక్కదాన్నీ పంపలేదు. అసలే మాటలు తక్కువ మనిషి. ఆయన పనికి పోగానే ఆ ఒంటి గదిలో కూర్చోలేక, నిలబడలేక, సర్దిన పెట్టెనే మళ్ళీ సర్ది, సాయంత్రానికి ఏటి ఒడ్డుకు పోయేదాన్ని. ఆటుకు నీళ్ళు వెనక్కి తీసిన ఒండ్రు మీద, ఎక్కడి చలిదేశాల నుంచో అప్పుడప్పుడే దిగిన ఉల్లంకి పిట్టలు గుంపులుగా, పొడుగు ముక్కులతో బురదను పొడుస్తూ, ఒక్కచోట కాలు నిలపకుండా పరుగులు పెట్టేవి. ఏ అలికిడీ లేకుండానే అన్నీ ఒక్కసారిగా లేచి, తిరిగి అక్కడే వాలేవి. వాటిని చూస్తుంటే నా కాళ్ళూ ఆగేవి కావు.

సద్దుల బతుకమ్మ నాడు అట్లాగే వాటి వెంట నడిచి నడిచి ఒక ఇసుకదిబ్బ మీదికి పోయాను. వెనక్కి చూస్తే, పోటు నీళ్ళు నాకూ ఒడ్డుకూ మధ్యనున్న పాయను నింపేశాయి. నాకు ఈత రాదు. పొద్దు వాలుతోంది, దిబ్బ చిన్నదవుతోంది, పిట్టలు ఎప్పుడో ఎగిరిపోయాయి. అప్పుడు ఒడ్డు నుంచి నా పేరు వినబడింది. గదికి తాళం చూసి వెతుక్కుంటూ వచ్చారట. ఆయన నన్ను పేరు పెట్టి పిలవడం అదే మొదలు. నడుము దాటిన నీళ్ళలో పడి వచ్చి, చెయ్యి పట్టి ఒడ్డుకు చేర్చి, "జర చెప్పి పోవద్దా?" అన్నారు.

"ఎవరికి చెప్పాలె? ఇంట్ల మనసు నిలుస్తలేదు, పిట్టల కాడికొచ్చిన" అన్నాను.

ఆయన తడిబట్టలు పిండుకుంటూ, "నాకు గూడ నిలుస్తలేదు. చెప్తే నువ్వు ఇంకింత ఏడుస్తవని చెప్పలే" అన్నారు.

ఆ చలికాలమంతా పని కాగానే ఇద్దరం కలిసి పోయి, ఒడ్డు దాటకుండా కూర్చుని, ఆ పిట్టల్ని చూస్తూ ఊరి ముచ్చట్లు చెప్పుకునేవాళ్ళం. ఎండలు ముదరకముందే ఆ పని వదిలేసి ఇటు వచ్చేశాం.

ఆయన పోయి చాలాకాలమైంది. ఇప్పుడు కట్ట మీద నేను కాస్త ఆలస్యం చేస్తే చేతిలో ఫోను మోగుతుంది, ఎక్కడున్నవని కోడలు అడుగుతుంది, చెప్తాను, సరేనంటుంది. సౌకర్యమే, కాదనను. కానీ మన కాలంలో ఒక మనిషి కనబడకపోతే ఇంకో మనిషి చెప్పుల్లేని కాళ్ళతో బయల్దేరి, గొంతెత్తి పిలుస్తూ రావలసి వచ్చేది. అట్లా పిలిపించుకున్న చెవులు మనవి. ఫోనులో అడిగే ఈ నెమ్మది మాట వాటికి ఇంకా అలవాటు కాలేదు.